థైరాయిడ్ కంతులు: అల్ట్రాసౌండ్ అంకనమును సూది పరీక్షయు

కంఠమునందలి థైరాయిడ్ గ్రంథిలో బుట్టు కంతులలో నేవి క్యాన్సర్ స్వభావము గలవో శస్త్రచికిత్సకు ముందే అంచనా వేయుటకు నేడు రెండు సాధనములు ప్రధానముగా వాడుకలో నున్నవి. స్కానింగులో గానవచ్చు లక్షణములకు మార్కులు వేసి అపాయస్థాయిని నిర్ణయించు టైరాడ్స్ పద్ధతి మొదటిది. సన్నని సూదితో కణములను లాగి, సూక్ష్మదర్శినిలో జూచి, బెథెస్డా వర్గీకరణము ననుసరించి నివేదించు ఎఫ్.ఎన్.ఏ.సి. రెండవది. చేతికి దగులు కంతులు పెద్దలలో నూటికి 4 మొదలు 7 మందికి ఉండునని సాధారణపు లెక్క. స్కానింగునకు గోచరించునవి అంతకు బెక్కు రెట్లు. వీనిలో క్యాన్సరుగా దేలునవి, ఆయా గ్రంథకర్తలను బట్టి, నూటికి 5 నుండి 15 వఱకు.

కంతులనుండి సూదితో కణములను లాగి పరీక్షించు విధానమును న్యూయార్కునందు మార్టిన్, ఎల్లిస్ అనువారు 1930లో వర్ణించిరి. దానిని థైరాయిడ్ విషయమున స్థిరపఱచినవారు తరువాతి దశాబ్దముల స్వీడన్ వైద్యులు. బెథెస్డా వర్గీకరణము 2007లో అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ జరిపిన సమావేశమునుండి పుట్టినది. దాని తొలి గ్రంథమునకు కొందఱు 2009ని, కొందఱు 2010ని చెప్పుదురు. 2017లోను, 2023లోను అది సవరింపబడినది. స్కానింగు అంకనము ఇంకను పిన్నది. 2009లోనే చిలీయందు హోర్వాత్ బృందమును, కొరియాయందు పార్క్ బృందమును వేర్వేఱుగా పద్ధతులను బ్రకటించుటచే ప్రథమస్థానమునుగూర్చి భిన్నాభిప్రాయములు గలవు; టైరాడ్స్ అను పేరుమాత్రము చిలీవారినుండి వ్యాప్తిలోనికి వచ్చినదనుట యుక్తము. అటుపిమ్మట ఐరోపా, కొరియా, చైనా దేశములు తమతమ పద్ధతులను నిర్మించుకొన్నను, ఇచ్చట వివరింపదగినది అమెరికా రేడియాలజీ కళాశాలవారు 2017లో వెలువరించినది.

అందు కంతియొక్క కూర్పు, ప్రతిధ్వని, ఆకారము, అంచు, లోపలి మెఱుపు బిందువులు అను అయిదంశములకు మార్కులు గలవు. ద్రవముతో నిండిన తిత్తికి సున్న, ఘనమైన కంతికి 2. మిక్కిలి నల్లగా గన్పట్టుదానికి 3. వెడల్పుకంటె ఎత్తు హెచ్చైనదానికి 3. సూక్ష్మమగు సున్నపుబొట్లకు 3. మొత్తము 3 అయినచో మూడవ తరగతి, 4 మొదలు 6 వఱకు నాలుగవది, 7గాని అంతకు మించిగాని యైనచో అయిదవది. మూడవ తరగతి కంతిని 2.5 సెంటీమీటర్లు, నాలుగవదానిని 1.5, అయిదవదానిని 1 సెంటీమీటరు పరిమాణమునకు వచ్చినప్పుడే సూదికి బంపవలెను. అనగా ఈ పరిమాణములు సూది ఎవరికి వేయవలెనో చెప్పునవియే కాని క్యాన్సరును నిర్ధారించునవి కావు. ఈ భేదమును మఱచి వ్రాసిన పోలికలు కొన్ని లేకపోలేదు.

మూడువేలకు మించిన కంతులను పరిశీలించిన మిడిల్టన్ ప్రభృతుల లెక్కలో క్యాన్సర్ నిష్పత్తి మొదటి తరగతియందు నూటికి 0.3, రెండవదానియందు 1.5, మూడవదానియందు 4.8, నాలుగవదానియందు 9.1, అయిదవదానియందు 35. కాగా మిక్కిలి అనుమానాస్పదమగు తరగతిలో సైతము సుమారు మూడింట రెండువంతులు నిరపాయములే. క్యాన్సరని నివేదించు బెథెస్డా ఆఱవ వర్గమున క్యాన్సర్ నిష్పత్తి నూటికి 97కు ఎగబ్రాకును. అట్లని సూదియే తుది తీర్పరి యనరాదు. మూడవ, నాలుగవ వర్గములు సందిగ్ధములు. ఫాలిక్యులర్ క్యాన్సరును నిరపాయమగు ఫాలిక్యులర్ కంతినుండి వేఱుచేయునది గుళికపొరను లేక రక్తనాళములను కణములు చొచ్చుటయే కావున, విడికణములలో అది కానరాదు. శస్త్రచికిత్సానంతరపు ముక్క పరీక్ష కావలెను. ఈ సందిగ్ధ వర్గములను విడిచిపెట్టి లెక్కగట్టిన వ్యాసములలో టైరాడ్స్ ప్రతిభ హెచ్చుగా గన్పట్టుట సహజము. సూదికి నిరపాయమని తేలినవారిలో పెక్కుమందికి శస్త్రచికిత్సయే జరుగదు. 2023 నాటి బెథెస్డా గ్రంథమున నిరపాయమను రెండవ వర్గమునకు చెప్పబడిన నూటికి 4 అను అపాయము శస్త్రచికిత్స పొందినవారినుండి గణింపబడినది. వాస్తవము అంతకు దక్కువ యని తలంచుట సమంజసము. హషిమోటో శోథమున్న గ్రంథి స్కానింగును సూదిని రెంటిని భ్రమపెట్టగలదు.

అతిగా వెదకుటవలని కీడునకు కొరియా ప్రసిద్ధోదాహరణము: 1993 నుండి 2011 లోపల అచ్చట థైరాయిడ్ క్యాన్సర్ నమోదు పదునైదు రెట్లైనను మరణముల సంఖ్య మాఱలేదు. పరిమాణపు హద్దులకు బలము చేకూర్చినవానిలో ఇదియు నొకటి.

ఇక ఈ పరీక్షలు స్థానికముగా లభించుటను గూర్చి చూడగా, రామగుండం బొగ్గు ప్రాంతమున, సింగరేణి బొగ్గు గనుల సంస్థ శతాబ్ది పేర వెలసిన సెంటినరీ కాలనీవంటి గని కార్మిక నివాసములవారికి సంస్థ ఏరియా ఆసుపత్రి గోదావరిఖనిలో గలదు. 2022లో రామగుండమున ప్రభుత్వ వైద్య కళాశాలయు ప్రారంభమైనది. క్లిష్టమగు వ్యాధులకు హైదరాబాదునకు రెఫర్ చేయుట వాడుక. కంఠపు స్కానింగు చేయు యంత్రమైనను 1994 నాటి గర్భస్థ లింగనిర్ధారణ నిషేధ చట్టము క్రింద నమోదు కావలసినదే గనుక, దానిని కాలనీలవెంట ద్రిప్పుట సులభము కాదు. బొగ్గు ధూళి ఈ క్యాన్సరునకు కారణమని రుజువు కాలేదు. కారణముగా స్థిరపడినది బాల్యమున కంఠమునకు సోకిన వికిరణము. ఒకచోట స్కానింగు, వేఱొకచోట సూది పరీక్ష జరిగినవారు, అయిదంశముల మార్కులును, మిల్లీమీటర్లలో కొలతలును గల స్కానింగు నివేదికను, బెథెస్డా వర్గము స్పష్టముగా వ్రాసిన సూది నివేదికను, వీలైనచో గాజుపలకలతోసహా, వెంట గొనిపోవలెను.