బైబిలు: చరిత్రయా, కల్పనయా?

బొగ్గుగనుల ప్రాంతము పలు జిల్లాల నుండి, పలు భాషల నుండి, పలు మతముల నుండి ప్రజలు వచ్చి కలిసిన చోటు. ఒకే షిఫ్టున గనిలోనికి దిగువారిలో ఒకడు రామాయణమును, ఒకడు ఖురానును, ఒకడు బైబిలును తన యింట భక్తితో నుంచుకొనువాడు. గని కప్పు క్రింద నున్నంతసేపు అందఱి ప్రాణమును ఒకటియే. పైకి వచ్చిన పిమ్మట మాత్రము అప్పుడప్పుడు వాదము పుట్టును. బైబిలులోని ప్రతి యక్షరమును జరిగిన సంగతియే యని యొకరు, అంతయు కట్టుకథయే యని మఱియొకరు పట్టుపట్టుదురు. ఏండ్ల నాటి స్నేహము చెడుటకు ఇట్టి వాదమొక్కటి చాలును. కావున ఈ ప్రశ్నను నిదానముగా విచారించుట గ్రామమున కుపకారమే.

మొదట గమనింపవలసినది, బైబిలు ఒక గ్రంథము కాదు, గ్రంథముల మూట. ప్రొటెస్టంటులు 66 గ్రంథములను, రోమను కథోలికులు 73 గ్రంథములను అందు చేర్చి లెక్కింతురు. ఇవి హీబ్రూ, అరమాయిక్, గ్రీకు భాషలలో పలు శతాబ్దముల కాలమున పలువురిచే వ్రాయబడినవి. అందు ధర్మశాసనములున్నవి, వంశావళులున్నవి, రాజుల వృత్తాంతములున్నవి, కీర్తనలున్నవి, సామెతలున్నవి, ఉత్తరములున్నవి. ఒక పాత గ్రామపు దస్త్రపు మూటను విప్పినచో అందు శిస్తు లెక్క యుండును, దానపత్రముండును, అర్జీ యుండును, ఏ పూర్వికుడో వ్రాసిపెట్టుకొనిన పాటయు నుండవచ్చును. ఆ మూట నిజమా, అబద్ధమా యని యడుగుటలో నర్థము లేదు. ఏ కాగితమున కా కాగితమును పరీక్షింపవలయును.

ఈ మూట తెలుగునకు వచ్చిన చరిత్రయు తెలిసికొనదగినదే. జర్మను దేశీయుడైన బెంజమిన్ షుల్జ్ 1719లో తరంగంబాడికి వచ్చి, తరువాత మద్రాసున నుండి బైబిలును తెలిగించెను. ఆ యనువాదము అచ్చునకు నోచుకొనలేదు. 1805లో లండను మిషను వారైన క్రాన్, డెగ్రాంజ్ అను నిద్దఱు విశాఖపట్టణము చేరి, క్రైస్తవమును స్వీకరించిన ఆనందరాయరు అను బ్రాహ్మణ పండితుని సాయముతో సువార్తలను తెలుగు చేయబూనిరి. క్రాన్ 1809లోను, డెగ్రాంజ్ 1810లోను మరణించిరి. వారి శ్రమఫలముగా మూడు సువార్తలు 1812లో సెరాంపూరున అచ్చయినవి. ప్రిచ్చెట్ అనువదించిన క్రొత్త నిబంధన 1818లో మద్రాసున వెలువడెను. కాలక్రమమున ఈ గ్రంథమునకు తెలుగున 'పరిశుద్ధ గ్రంథము', 'సత్యవేదము' అను పేర్లు స్థిరపడినవి. వేదమను పేరు తగిలినందున, చదువరి దానిలోని ప్రతి వాక్యమును వేదవాక్యమునకు వలెనే తలవంచి యంగీకరించుటయో, లేక పోటీవేదమని తలచి త్రోసివేయుటయో చేయసాగెను. నేటి వాదమునకు బీజము కొంత ఆ పేరునందే కలదు.

అయితే మన పూర్వులు వాఙ్మయమునంతను ఒకే త్రాసున తూచలేదు. ఓరుగల్లున ప్రతాపరుద్రుని యాస్థానమున వెలసిన విద్యానాథుని వంటి యాలంకారికులు మూడు విధములను చెప్పిరి. వేదము ప్రభువు వలె ఆజ్ఞాపించును. పురాణేతిహాసములు మిత్రుని వలె హితవు చెప్పును. కావ్యము ప్రియురాలి వలె మనసును కరగించి దారికి తెచ్చును. ఈ విభాగమును బైబిలునకు వర్తింపజేసినచో చిక్కు చాలవఱకు విడిపోవును. పది యాజ్ఞలు ప్రభుసమ్మితములు. రాజుల వృత్తాంతములు మిత్రసమ్మితములు. దావీదు పేరిట నున్న కీర్తనలు కాంతాసమ్మితములు. ఆజ్ఞను పాటించుటయో మానుటయో యుండును. కీర్తనను పాడుకొనుట యుండును. 'ఇట్లు జరిగెను' అని చెప్పు భాగమునే జరిగినదా లేదా యని పరీక్షింపవలయును.

పరీక్ష యెట్లు చేయవలయునో మన యింటి యుదాహరణమే చెప్పగలదు. 13వ శతాబ్దమున మార్కోపోలో మోటుపల్లి రేవును, అచ్చటి రాణిని వర్ణించెను. ఆ దేశపు సన్నని వస్త్రములను గూర్చి యాతడు చెప్పినది సత్యము. ఆ రాణి రాజుగారి వితంతువని చెప్పినది పొరపాటు. రుద్రమదేవి గణపతిదేవుని కుమార్తె యని శాసనములు నిర్ణయించినవి. పాములున్న లోయలోనికి మాంసఖండములను విసరగా గ్రద్దలు వాని కంటుకొనిన వజ్రములను పైకి తెచ్చునని చెప్పినది కట్టుకథ. సత్యము, పొరపాటు, కట్టుకథ మూడును ఒకే యధ్యాయమున నున్నవి. అయినను ఆ గ్రంథమును చరిత్రకారులు పారవేయలేదు, నెత్తిన పెట్టుకొననూ లేదు. శాసనముతో సరిచూచి వాడుకొనిరి.

బైబిలును గూడ అట్లే సరిచూచిరి. అష్షూరు రాజైన సన్హెరీబు క్రీ.పూ. 701లో యూదా దేశముపై దండెత్తెనని, హిజ్కియా రాజు 30 తలాంతుల బంగారమును, 300 తలాంతుల వెండిని కప్పముగా నిచ్చెనని మూల హీబ్రూలోని రాజుల గ్రంథము చెప్పును. సన్హెరీబు స్వయముగా వ్రాయించుకొనిన మట్టి దిమ్మెలు దొరకినవి. వానియందును బంగారము 30 తలాంతులే. వెండి మాత్రము 800 అని యున్నది. ఇచ్చిన వాని చిట్టాకును, పుచ్చుకొనిన వాని చిట్టాకును బంగారము పద్దు కలిసినది, వెండి పద్దు కలియలేదు. హిజ్కియాను పంజరములోని పక్షివలె బంధించితినని సన్హెరీబు చెప్పుకొనెనే గాని యెరూషలేమును పట్టుకొంటినని చెప్పలేదు. పట్టణము దక్కినదన్న సంగతి రెండు పక్షముల వ్రాతల వలనను తేలుచున్నది. ఒక్క రాత్రి దేవదూత చేత 1,85,000 మంది శత్రువులు హతులైరన్నది బైబిలునందే కలదు.

ఆ హిజ్కియాయే పట్టణములోనికి నీరు తెప్పించెనని గ్రంథము చెప్పును. కొండను తొలిచిన సుమారు 530 మీటర్ల సొరంగ మొకటి యెరూషలేమున నేటికిని కలదు. 1880లో దాని గోడపై నొక శాసనము కనబడెను. రెండు కొనల నుండి రెండు జట్లు త్రవ్వుచు వచ్చి, నడుమ మూడు మూరల రాయి మిగిలి యుండగా ఒకరి కేక యొకరికి వినబడెనని, గునపమునకు గునపము తగులునట్లు త్రవ్వి కలిసికొనిరని అందు కలదు. ఆ మిగిలిన శాసనమున రాజు పేరు లేదు. పని చేసినవారి సంబరమే కలదు. గనిలో రెండు వైపుల నుండి వచ్చిన దారులు కలిసిన దినమును చూచిన కార్మికుడు ఈ శాసనమును పండితుని కంటె బాగుగ గ్రహింపగలడు.

మోయాబు రాజైన మేషా శిల 1868లో దొరకెను. అందు ఇశ్రాయేలు రాజగు ఒమ్రీ పేరున్నది. ఆ యుద్ధమున గెలుపు తనదేయని మేషా చెప్పగా, బైబిలు కథనము వేఱుగ నున్నది. 1993లో తేల్ దాన్ అను చోట దొరకిన శిలపై 'దావీదు వంశము' అను మాట కలదని పండితులలో పెక్కుమంది చదివిరి. కావున రాజుల కాలము నాటి వృత్తాంతములను కట్టుకథ లనుట చెల్లదు.

కలియని పద్దులును గలవు. యెరికో ప్రాకారములు కూలిన కథను పరీక్షింప కాథ్లీన్ కెన్యన్ అను విదుషి 1952 నుండి 1958 వఱకు అచ్చట త్రవ్వకములు జరిపెను. యెహోషువ కాలమని సామాన్యముగా చెప్పబడు కాలమున అట్టి గొప్ప కోటగోడ యున్న జాడ కానరాలేదు. ఐగుప్తు నుండి 6 లక్షల మంది పురుషులు, వారిగాక స్త్రీలును పిల్లలును తరలిరని నిర్గమకాండము చెప్పును. అంతటి జనము ఎడారిలో నడచిన గుర్తులు దొరకలేదు. ఏసు పుట్టినప్పుడు కురేనియ యను నధికారి కాలమున జనసంఖ్య వ్రాయబడెనని లూకా చెప్పుచున్నాడు. యూదు చరిత్రకారుడైన జోసీఫస్ లెక్క ననుసరించి యూదయలో ఆ సంఖ్య వ్రాయబడినది క్రీ.శ. 6లో. ఏసు హేరోదు రాజు దినములలో పుట్టెనని మత్తయి చెప్పును. హేరోదు మరణము క్రీ.పూ. 4 నాటిదని పెక్కుమంది చరిత్రకారుల మతము. ఈ వ్యత్యాసమును సవరింప పండితులు పలు సమాధానములు చెప్పిరి గాని, ఏదియు సర్వసమ్మతము కాలేదు.

ఇక సృష్టికథ. ఐర్లండు ఆర్చిబిషప్పు అషర్ బైబిలులోని వంశావళుల నాధారముగా గొని, సృష్టి క్రీ.పూ. 4004లో జరిగెనని 1650లో లెక్క కట్టెను. ఆ యంకె బైబిలులో లేదు. అది లెక్క కట్టినవానిది. దీనికి బదులు మన కాళ్ల క్రిందనే కలదు. 1871లో విలియం కింగ్ అను భూగర్భ శాస్త్రజ్ఞుడు ఇల్లెందు ప్రాంతమున బొగ్గును కనుగొనెను. అచ్చటి సింగరేణి గ్రామము పేరే తరువాత కంపెనీ పేరయ్యెను. గోదావరి లోయ బొగ్గు గోండ్వానా పొరలకు చెందినది. దాని వయస్సు 25 నుండి 30 కోట్ల సంవత్సరములు. నాలుక వంటి యాకులు గల గ్లోసాప్టెరిస్ అను చెట్ల గుర్తులు ఇట్టి పొరలలో కానవచ్చును. పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోని యామనపల్లి వద్ద జురాసిక్ యుగపు రాక్షసబల్లి యెముకలు దొరకినవి. కోటసారస్ అను నామముతో ఆ యస్థిపంజరమును హైదరాబాదు బిర్లా విజ్ఞాన కేంద్రమున నిలిపిరి. తట్టెడు బొగ్గు నెత్తిన కార్మికుడు అషర్ లెక్కకు విరుద్ధమైన సాక్ష్యమును చేత పట్టినవాడే.

ఇచ్చట నొక హెచ్చరిక యవసరము. బ్రహ్మకు ఒక పగలు 432 కోట్ల సంవత్సరములని పురాణములు చెప్పును. భూమి వయస్సు సుమారు 454 కోట్ల సంవత్సరములని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. అంకెలు దగ్గరగ నున్నవి గదా యని మన పురాణము శాస్త్రమనియు, పరుల పురాణము కట్టుకథ యనియు చెప్పుట న్యాయము కాదు. అంకె దగ్గరపడుట వేఱు, రుజువు వేఱు. కొలుచునపు డొక కుంచము, కొలిపించుకొనునపు డొక కుంచము వాడువానిని ఊరిలో నెవరును మెచ్చరు. జలప్రళయ కథయు నిట్టిదే. నోవహు ఓడకు ముందే బాబిలోనియా మట్టి పలకలపై ప్రళయ కథ యుండెనని 1872లో జార్జి స్మిత్ లోకమునకు తెలిపెను. మనువును, మత్స్యమును, ఓడను శతపథ బ్రాహ్మణము చెప్పుచున్నది. ఏటి యొడ్డున బ్రతికిన జాతులన్నియు వరదకు భయపడినవే.

ఏసుక్రీస్తు విషయమున చరిత్ర కొంతదూరము వచ్చి నిలిచిపోవును. తిబెరి చక్రవర్తి కాలమున పిలాతు ఆయనకు మరణదండన విధించెనని రోమను చరిత్రకారుడు టాసిటస్ వ్రాసెను. ఆయన క్రైస్తవుడు కాడు, ఆ మతము నతడు ఏవగించుకొనెను. పిలాతు పేరు చెక్కిన రాయి 1961లో కైసరయలో దొరకెను. ఏసు యను మనుష్యుడు జీవించి, శిలువపై మరణించెననుట చరిత్ర. ఆయన తిరిగి లేచెనని శిష్యులు నమ్మి చాటిరనుటయు చరిత్రయే. లేచెనా యను ప్రశ్న విశ్వాసమునది. దానిని త్రవ్వి తీయు గునపము లేదు. మంచి సమరయుని కథ యున్నది. ఆతడు దెబ్బలు తిన్న బాటసారి కొఱకు పూటకూళ్లవాని కిచ్చిన రెండు దేనారములు ఏ పద్దునకు నెక్కలేదు. ఏసే దానిని కథగా చెప్పెను. జరుగలేదని తేలినను ఆ కథ విలువ వీసమైనను తరుగదు.

చివరగా, ఈ గ్రంథము తెలుగునాట జరిపించిన సంగతులు మాత్రము సందేహము లేని చరిత్ర. 1876–78 నాటి ఘోరక్షామమున ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ పని గుత్తకు తీసికొని ఆకలిగొన్నవారికి కూలి చూపెను. తిండి కొఱకు మతము మారిరను నింద రాకుండ బాప్తిస్మములను నిలిపియుంచెను. తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ యేటిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారిలో నెక్కువమంది మాదిగలు, అక్షరము రానివారు. యెరికో గోడలను గూర్చి వారెవరును విచారింపలేదు. తమ యెదుట నంతవఱకు ఏ గ్రంథమును విప్పని లోకమున, ఒక గ్రంథము విప్పబడి తమ్మును మనుష్యులని పిలిచినది; వారు దానిని నమ్మిరి. బొగ్గు బండ్లు నడచిన డోర్నకల్లునందే 1912లో అజరయ్య బిషప్పయ్యెను. ఆంగ్లికను సంఘమున బిషప్పు పదవి నొందిన ప్రథమ భారతీయు డాయనయే.

కావున బైబిలు చరిత్రయా, కల్పనయా యను ప్రశ్నకు ఒక్కమాట బదులు లేదు. అందు చరిత్ర కలదు, పొరపాటు కలదు, పురాణము కలదు, కావ్యము కలదు, విశ్వాసము కలదు. ఏది యేదియో వేఱు చేసి చదువువాడు ఆ గ్రంథమును గాని, దానిని నమ్మిన పొరుగువానిని గాని అవమానింపడు. గ్రంథాలయపు బీరువాలో రామాయణము ప్రక్కన బైబిలు, దాని ప్రక్కన ఖురాను నిలువగలవు. అవి యెన్నడును తమలో తాము పోట్లాడుకొనలేదు. వానిని తీసి చదువువారు ఒకే కుంచముతో కొలువ నేర్చుకొనినచో, గనిలో ఒకే కప్పు క్రింద నిలిచినవారు పైకి వచ్చిన పిమ్మటను ఒకే యూరివారుగా నుండగలరు.