మతి, మెతుకు, నడక

ప్రత్యేక సంచికకు ఆరోగ్యం గురించి ఏదైనా వ్రాయమని మన కార్యదర్శి గారు కోరారు. నేను వైద్యుణ్ణి కాను. ముప్ఫై అయిదేళ్లు లెక్కల విభాగంలో కుర్చీకి అతుక్కుపోయిన గుమాస్తాను. అందుచేత వైద్యం జోలికి పోకుండా చరిత్ర వ్రాస్తున్నాను. పెద్ద వయసులో మతి నిలవాలంటే కాలు కదలాలి, కంచంలో సారముండాలి అని వైద్యులు చెబుతున్నారు గదా! ఈ సంగతి లోకానికి ఎలా తెలిసిందా అని చదువుతూ పోతే అడుగడుగునా నాకు ఎదురైనవారు మనవంటి జీతగాళ్లూ, కూలీలూ, చివరకు ఖైదీలూను.

తిండికీ మతికీ సంబంధం ఉందని బల్లగుద్ది చెప్పిన జబ్బు పెలాగ్రా. చర్మం నల్లబడి పొలుసులు లేస్తుంది, విరేచనాలు పట్టుకుంటాయి, ముదిరితే మతి చలిస్తుంది. 20వ శతాబ్ది ఆరంభంలో అమెరికా దక్షిణ రాష్ట్రాల మానసిక వైద్యశాలలలో ఈ రోగులు ఎందరో ఉండేవారు. అది అంటువ్యాధి అని చాలామంది నమ్మారు. 1914లో ప్రభుత్వం పంపగా వెళ్లిన జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ అనే వైద్యుడు ఒక విషయం గమనించాడు. రోగుల మధ్యే తిరిగే సిబ్బందికి ఆ జబ్బు రావడం లేదు. తేడా తిండిలో ఉందని ఆయన గ్రహించాడు. 1915లో మిసిసిపీలోని ఒక జైలు వ్యవసాయ క్షేత్రంలో, శిక్ష మాఫీ అవుతుందని ముందుకు వచ్చిన ఖైదీలకు మొక్కజొన్న ప్రధానమైన నాసి తిండి పెట్టి చూశాడు. కొద్ది నెలలలో 11 మందిలో 6 మందికి లక్షణాలు కనిపించాయి. లోపించినది నియాసిన్ అనే విటమిను అని 1937 నాటి పరిశోధనలతో తేలింది. అది ఇవ్వగానే మతి తప్పినవారిలో ఎందరో కోలుకున్నారు.

ఇది ఎక్కడో జరిగిన ముచ్చట మాత్రమే కాదు. జొన్నరొట్టె తప్ప మరొకటి ఎరుగని దక్కను పీఠభూమి పేదలలోనూ పెలాగ్రా ఉండేది. కూనూరు నుంచి 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన పోషకాహార పరిశోధనాలయంలో గోపాలన్, శ్రీకాంతయ్య గారలు దీనిని పరిశోధించారు. జొన్నలో ల్యూసిన్ అనే పదార్థం ఎక్కువగా ఉండటం ఒక కారణం కావచ్చునని 1960లో ప్రతిపాదించారు. అంతమాత్రాన జొన్నను నిందించనక్కరలేదు. పక్కన పప్పు, ఆకుకూర, మజ్జిగ ఉంటే జొన్నరొట్టె మంచి భోజనమే. పేదవాడి కంచంలో ఆ పక్కవి లేకపోవడమే అసలు జబ్బు.

ఇక నడక సంగతి. లండన్‌లో జెర్రీ మోరిస్ అనే వైద్యుడు బస్సు ఉద్యోగుల ఆరోగ్యాన్ని పరిశీలించి 1953లో ఫలితాలు ప్రకటించాడు. డ్రైవరు రోజంతా కూర్చునే ఉంటాడు. కండక్టరు డబుల్ డెక్కర్ బస్సులో రోజుకు 500 నుంచి 750 మెట్లు ఎక్కుతాడు. ఒకే సంస్థ, ఒకే బస్సు. అయినా గుండెజబ్బు డ్రైవర్లలోనే ఎక్కువగా కనిపించింది. తపాలా శాఖలో కూడా అంతే. ఉత్తరాలు పంచే పోస్టుమేన్ల కంటే బల్ల ముందు కూర్చునే గుమాస్తాలకే ముప్పు ఎక్కువ. ఇది చదివినప్పుడు నా ముప్ఫై అయిదేళ్ల కుర్చీ నాకు గుర్తుకు రాకపోలేదు! మోరిస్ గారు మాత్రం తాను చెప్పినది పాటించి 99 ఏళ్లు బ్రతికి, 2009లో కన్నుమూశారు.

గుండెకీ మతికీ ఏమిటి సంబంధం అని మీరు అడగవచ్చు. మెదడు బరువు శరీరంలో నూటికి 2 వంతులే అయినా, మనం పీల్చే ప్రాణవాయువులో సుమారు 20 వంతులు దానికే కావాలి. అది చేరేది రక్తనాళాల ద్వారానే. ఈ ముడి విప్పినది ఫిన్లాండ్ దేశం. అక్కడి ఉత్తర కరేలియాలో గుండెజబ్బుతో మగవారు నడివయసులోనే రాలిపోతుంటే, వెన్న, ఉప్పు, పొగ తగ్గించే ఉద్యమం 1972లో మొదలైంది. ఆ రోజులలో ఆ ప్రాంతంలో సేకరించిన వివరాలతో, అదే మనుషులను ముసలితనంలో మళ్లీ పరీక్షించారు. నడివయసులో రక్తపోటు, కొలెస్టరాలు ఎక్కువగా ఉన్నవారికి ఆల్జీమర్స్ ముప్పు కూడా ఎక్కువని మియా కివిపెల్టో బృందం 2001లో చూపింది. 2015లో అదే బృందం మరో అడుగు వేసింది. 60 నుంచి 77 ఏళ్ల వయసుగల 1,260 మందిని రెండు భాగాలు చేసి, ఒక భాగానికి రెండేళ్లపాటు మంచి ఆహారం, వ్యాయామం, మెదడుకు పని, రక్తపోటు అదుపు అన్నీ కలిపి అందించారు. మామూలు సలహాలతో సరిపెట్టిన రెండవ భాగం కంటే వీరి మతి మెరుగ్గా ఉంది.

అమెరికాలో 2011లో వెలువడిన మరో పరిశోధనలో 120 మంది పెద్దలు పాల్గొన్నారు. ఏడాదిపాటు వారానికి మూడు రోజులు, 40 నిమిషాల చొప్పున చురుకుగా నడిచినవారి మెదడులో జ్ఞాపకానికి సంబంధించిన భాగం 2 శాతం పెరిగింది. ఒళ్లు సాగదీసే వ్యాయామాలు మాత్రమే చేసినవారిలో అది 1.4 శాతం తగ్గింది.

అయితే ఫలానాది తింటే మరుపు రాదనే ప్రకటనలను నమ్మకండి. మెదడుకు మంచిదని పేరుపొందిన మైండ్ ఆహార పద్ధతిని 604 మందిపై మూడేళ్లు పరీక్షించారు. ఆ ఆహారం తిన్నవారికీ, తమ అలవాటు తిండినే కొంత తగ్గించి తిన్నవారికీ చెప్పుకోదగ్గ తేడా లేదని 2023లో తేలింది. ఒంటి స్తంభం మీద ఇల్లు నిలవదు గదా!

ఈ చరిత్ర నుంచి నేను గ్రహించినది ఒకటే. మతిమరుపు కనిపించగానే వయసు మీద నెట్టేయరాదు. గోల్డ్‌బెర్గర్ నాడు వేసిన ప్రశ్నే నేడూ వేసుకోవాలి: కంచంలో ఏమి లోపించింది? శాకాహారులలోనూ, చక్కెర వ్యాధికి మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవారిలోనూ బి12 విటమిను తగ్గడం తరచు జరుగుతుంది. బి12 లోపం, థైరాయిడ్ లోపం రెండూ మతిని మందగింపజేస్తాయి. రెండింటినీ రక్తపరీక్షతో పట్టవచ్చు, వేళకు పట్టుకుంటే మందుతో సరిదిద్దవచ్చు. "ఆయనకు చాదస్తం పట్టింది", "ఆవిడకు ఏదీ గుర్తుండటం లేదు" అని ఇంటిల్లిపాదీ నవ్వి ఊరుకుంటే పోయేది మన మనిషే. అందరికీ వడ్డించి చివర మిగిలినది తినే గృహిణులను ముందుగా చూపించాలి.

కనుక మన సర్వసభ్య సమావేశం నాడు రక్తపోటు, చక్కెర, బి12 పరీక్షల శిబిరం ఏర్పాటు చేయవలసిందిగా కార్యవర్గాన్ని కోరుతున్నాను. సభ్యులు సతీసమేతంగా రావలెను. దగ్గరలో ఉన్నవారు నడిచి వస్తే మరీ మంచిది.