మిక్సీ మోత నుంచి చట్టం దాకా

మిక్సీ వేయగానే చెవులు మూసుకుని ఏడ్చే పిల్లవాణ్ణి చూసి "ఎందుకంత మారాం?" అని విసుక్కోవడం విజయవాడలోనూ ఉంది, అబుదాబి శివారు బనియాస్‌లో కాపురమున్న తెలుగు ఇళ్లలోనూ ఉంది. ఆటిజం ఉన్న పిల్లల్లో అది మారాం కాదని వైద్యులకు తెలిసి ఎనభై ఏళ్లు దాటింది.

1943లో లియో కానర్ అనే వైద్యుడు 11 మంది పిల్లల గురించి రాసిన వ్యాసం ఆటిజం చరిత్రకు మూలం. లిఫ్టులు, వాక్యూమ్ క్లీనర్లు, గుడ్లు గిలక్కొట్టే మర, ఆఖరికి గాలి హోరు కూడా ఆ పిల్లల్ని హడలెత్తించేవని అందులోనే ఉంది. కానీ ఆ ముక్క మరుగున పడింది. 1967లో బ్రూనో బెటెల్‌హైమ్ అనే రచయిత ఆటిజానికి కారణం తల్లుల ప్రేమలోని లోపమేనని రాశాడు. బిడ్డ బాధ అర్థంకాక నలుగుతున్న తల్లి మీద వేసిన ఆ నిందను నేను క్షమించలేను.

చప్పుడు, స్పర్శ వంటివాటికి ఇంద్రియాలు వేరుగా స్పందించడాన్ని అమెరికా మానసిక వైద్యుల ప్రామాణిక గ్రంథం ఆటిజం నిర్ధారణ లక్షణాల్లో చేర్చేసరికి 2013 వచ్చింది. అంతకు నాలుగేళ్ల ముందే, 2009లో, మన సికింద్రాబాద్‌లోని జాతీయ సంస్థ తయారుచేసిన భారతీయ ఆటిజం కొలమానంలో 40 అంశాలు, ఆరు భాగాలు ఉన్నాయి; వాటిలో ఒక భాగం పూర్తిగా ఇంద్రియాలదే. ఇది మనం చెప్పుకోదగ్గ సంగతి.

గల్ఫ్ వైపు చూస్తే, అబుదాబిలో వికలాంగుల కోసం జాయెద్ ఉన్నత సంస్థ 2004లో ఏర్పడింది. వికలాంగుల హక్కులకు యూఏఈ 2006లో చట్టం చేసింది. ఏప్రిల్ 2ను ఆటిజం అవగాహన దినంగా 2007లో ఐక్యరాజ్యసమితి ప్రకటించింది. ఆ ప్రతిపాదన ఖతార్‌ది. 2017 నుంచి యూఏఈలో వికలాంగులను 'సంకల్పబలం గలవారు' అంటున్నారు.

తోటి పిల్లలకు చెప్పడం మాత్రం అన్నిటికన్నా ఆలస్యమైంది. 2017లో సెసమీ స్ట్రీట్ టీవీ కార్యక్రమంలోకి ఆటిజం ఉన్న జూలియా అనే బొమ్మ వచ్చింది. పలకరిస్తే పలకదు, సైరన్ వింటే కంగారుపడుతుంది. ఆమెకు నేను నచ్చలేదేమో అనుకున్న నేస్తానికి మిగతావాళ్లు అసలు సంగతి వివరిస్తారు. పిల్లలకు కావలసింది అంతే.

అన్నలూ, అక్కలూ! మిక్సీ వేసేముందు ఆటిజం ఉన్న తమ్ముడికి ఒక మాట చెప్పండి. వెనకనుంచి వచ్చి పట్టుకోకండి. చొక్కా మెడ దగ్గర లేబుల్ గుచ్చుకుంటోందంటే కత్తిరించేయండి.