బడి గుమ్మంలో పంతులమ్మ

అంబాజీపేట నుంచి అమలాపురం మీదుగా తూర్పుగా పోతే ఎదుర్లంక దగ్గర గౌతమి అడ్డొస్తుంది. ఇప్పుడక్కడ బాలయోగి వారధి ఉంది కాబట్టి బస్సు ఆగకుండానే యానాం చేరిపోవచ్చు. 2002లో వారధి రాకముందు ఏరు దాటడమే ఒక పని. ఆ అవతలి ఒడ్డుకే, 1849లో, ఫ్రాన్సు సరిహద్దు కొండల నుంచి కొందరు మఠకన్యలు వచ్చి దిగారు. కోనసీమకు ఇంత దగ్గరలో మొదలైన ఈ కథ కోనసీమలోనే చాలామందికి తెలియదు.

వాళ్లు ఆనెసీ పట్టణానికి చెందిన సెయింట్ జోసఫ్ సిస్టర్లు. ఆనెసీ ఉన్న సవోయ్ సీమ అప్పటికి సార్డీనియా రాజ్యంలోది. 1860లోగాని ఫ్రాన్సులో కలవలేదు. సూయజ్ కాలువ తెరుచుకోవడానికి ఇంకా ఇరవై ఏళ్లుంది. అంతా ఓడలోనే రావాలంటే ఆఫ్రికా ఖండమంతా చుట్టి నెలల తరబడి ప్రయాణించాలి. చేరిన చోటేమో పదేళ్ల కిందటే, 1839 నవంబరులో, ఉప్పెన కోరంగిని ముంచేసిన తీరం. అయినా వచ్చారు. పిల్లలకు చదువు చెప్పడం, రోగుల్ని చూసుకోవడం ఆ సంఘం పని.

వాళ్లకన్నా ముందే, 1846లో, ఆనెసీ నుంచే వచ్చిన సెయింట్ ఫ్రాన్సిస్ డి సేల్స్ సభ గురువులు విశాఖపట్నంలో స్థిరపడ్డారు. 1847లో అక్కడ సెయింట్ అలోషియస్ బడి పెట్టారు. మగపిల్లలకు అది సరిపోయింది. ఆడపిల్లల మాట వేరు. ఆ రోజుల్లో మగ పంతులున్న చోటికి కూతుర్ని పంపే తల్లి అరుదు, పంపనిచ్చే తండ్రి అంతకన్నా అరుదు. పరాయి దేశపు గురువు తెలుగింటి వసారా దాటి లోపలికి వెళ్లలేడు. వంటింటి దాకా వెళ్లి తల్లితో మాట్లాడాలంటే ఆడమనిషే కావాలి. గురువులు అడుగుపెట్టిన మూడేళ్లకే మఠకన్యలు రావడం వెనుక ఈ అవసరం కనబడుతుంది. తెలుగునాట కతోలిక బడుల చరిత్రను బిషప్పుల పేర్లతో, దేవాలయాల తేదీలతో రాయడం అలవాటైపోయింది గాని, ఆడపిల్లను బడికి తెచ్చింది మాత్రం గుమ్మంలో నిలబడిన పంతులమ్మే.

ఆ పని ఎంత కష్టమో చెప్పడానికి యానామే సాక్ష్యం. బాల్యవివాహాలను అడ్డుకునే శారదా చట్టం 1930లో బ్రిటిషు ఇండియాలో అమల్లోకి వచ్చింది. ఫ్రెంచి యానాంలో అది చెల్లలేదు. దాంతో చుట్టుపక్కల గోదావరి జిల్లాల నుంచి పెళ్లివారు పసిపిల్లలను వెంటబెట్టుకుని యానాం వచ్చి తాళి కట్టించి వెళ్లేవారు. ఊరికి కల్యాణపురమన్న పేరే వచ్చింది. మఠకన్యలు దిగిన ఎనభై ఏళ్లకు కూడా ఆ ఒడ్డున పలక పట్టాల్సిన చేతికి కంకణం కట్టారంటే, ఒక్కొక్క పిల్లను బడిలో నిలబెట్టడానికి ఎంత పోరాడాల్సి వచ్చిందో ఊహించుకోవచ్చు.

ఇదంతా విదేశీయుల ఘనతే అనుకుంటే పొరపాటు. గుంటూరు సీమలోని ఫిరంగిపురంలో 1822లో తాటిపర్తి జ్ఞానమ్మ పుట్టింది. ఆమెకు పదేళ్ల వయసులో డొక్కల కరువు గుంటూరు సీమను ఊడ్చేసింది. చిన్నతనంలోనే గాలి ఇన్నయ్య అనే బడిపంతులుతో పెళ్లయి, మద్రాసు దగ్గర తెలుగు కతోలికులు స్థిరపడ్డ కీళచ్చేరికి కాపురానికి వెళ్లింది. అయిదుగురు కొడుకులు పుట్టాక భర్త పోయాడు. ఆ కాలపు విధవరాలు ఇంట్లో ఒక మూల కూర్చోవాల్సిందే. జ్ఞానమ్మ కూర్చోలేదు. 1863లో కీళచ్చేరిలో ఆడపిల్లల కోసం బడి తెరిచింది.

ఈ ఒక్క సంగతి దగ్గర కాస్త ఆగాలి. పిల్లల తల్లి, పంతులుగారి భార్య, భర్త పోయిన మనిషి. ఆమె దగ్గరికి కూతుర్ని పంపడానికి ఏ తల్లీ భయపడనక్కర్లేదు. మిషను డబ్బుతోగాని పెద్ద భవనంతోగాని ఆ నమ్మకం వచ్చేది కాదు. ఆమె మొదలుపెట్టిన పని నుంచే సెయింట్ ఆన్స్ మఠకన్యల సభ పుట్టింది. 1874లో ఆమె కన్నుమూసింది. ఆమె పుట్టిన ఫిరంగిపురంలోనూ తర్వాత సెయింట్ ఆన్స్ సభ వేళ్లూనింది. గుంటూరుకు 1904లో హాలెండు నుంచి జె.ఎం.జె. సిస్టర్లు వచ్చేనాటికి ఈ తెలుగు ఇల్లాలు దారి వేసి నలభై ఏళ్లయింది.

కోనసీమలో క్రైస్తవం అంటే మొదట గుర్తొచ్చేది కతోలికులు కాదు. 1836లో ఇంగ్లండు నుంచి బయల్దేరి వచ్చిన బౌడెన్, బీర్ కుటుంబాల గోదావరి డెల్టా మిషను. నర్సాపురం, పాలకొల్లుల నుంచి అది లంకల్లోకి పాకింది. అదే కాలంలో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట కట్టాడు, 1847 నుంచి 1852 దాకా. గన్నవరం అక్విడెక్టు మీదుగా నీళ్లు వైనతేయను దాటి అవతలి లంకల్లోకి వచ్చాయి. వరి పండింది, కొబ్బరి తోటలు లేచాయి, అంబాజీపేట కొబ్బరి బజారు ఊళ్లకు ఊళ్లను పోషించింది. తోటలున్నవాడి పిల్లలు బడికెళ్లారు. కాయ దింపేవాడి, పీచు వలిచేవాడి పిల్లలకు మాత్రం పేటలోని ప్రార్థన పాకే బడి.

ఆ పాకలో చదువు చెప్పేవాడు ఉపదేశి. డెల్టా మిషన్లన్నిట్లోనూ, కతోలికులైనా కాకపోయినా, ఇదే పద్ధతి. పొద్దున పిల్లలకు అ ఆలు, ఎక్కాలు. మధ్యాహ్నం జబ్బుపడ్డ ఇంటికి పరామర్శ. చీకటి పడ్డాక లాంతరు వెలుగులో కూలి నుంచి తిరిగొచ్చిన పెద్దలకు జ్ఞానోపదేశం. పేటలో ఎవరికి ఉత్తరం వచ్చినా చదివి పెట్టేదీ, కరణం దగ్గరికి అర్జీ రాసిపెట్టేదీ ఆయనే. భార్య కుట్టుపని నేర్పేది. జీతం అంతంతమాత్రం. బడి, గుడి, పంతులుగారి కాపురం ఒక్క కప్పు కింద నడిచేవి. పిల్లవాడు రెండు రోజులు రాకపోతే మూడో రోజు పంతులమ్మ వాడి గుడిసె ముందు ఉండేది.

బడీ ఇల్లూ కలిసిపోయే ఆ అలవాటు ఈనాటికీ పూర్తిగా పోలేదు. కతోలిక బడుల్లో డిసెంబరు వచ్చిందంటే క్రిస్మస్ నాటకానికి పశువుల పాక కట్టే సందడి మొదలవుతుంది. కొబ్బరాకు ఒకరి తోట నుంచి, గడ్డి ఒకరి పశువుల కొట్టం నుంచి వస్తుంది. మరియమ్మ వేషానికి నీలం ఓణీ కావాలంటే ఇంట్లో కార్తీకదీపం పెట్టే తల్లే పెట్టె వెతికి తీసి, పిన్నులు పెట్టి, కూతురి తల మీద సర్దుతుంది. గొల్లల వేషానికి తాత తువ్వాలు చాలు. సిస్టరమ్మ తిట్టినా మొట్టినా ఇంటికొచ్చి చెప్పుకోలేని పిల్లలు ఆ ఒక్క సాయంత్రం ఆమె పక్కనే నిలబడి పాడతారు. ప్రోగ్రామ్ అయ్యాక తల్లులు అక్కడే గేటు దగ్గర నిలబడి మార్కుల సంగతి, ఫీజు సంగతి, ఎవరింట్లో ఎవరికి బాగాలేదన్న సంగతి మాట్లాడుకుంటారు. బడి కుటుంబమవడమంటే ఇదే.

ఇదంతా డబ్బు లేకుండా నడవలేదు. 1854లో ఉడ్ నివేదిక గ్రాంటు పద్ధతి తెచ్చాక మిషను బడులకు సర్కారు సాయం అందింది. స్వాతంత్ర్యం వచ్చాక రాజ్యాంగం 30వ అధికరణం మైనారిటీలకు బడులు నడుపుకునే హక్కు ఇచ్చింది. పంతుళ్ల జీతం సర్కారుది, నడిపే బాధ్యత మిషనుది. ఈ ఏర్పాటు వల్లే పేద పిల్లవాడు నామమాత్రపు ఫీజుతో సిస్టర్ల దగ్గర చదవగలిగాడు.

2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇలా సర్కారు సాయంతో నడిచే ఎయిడెడ్ సంస్థల సిబ్బందిని, ఆస్తులను అప్పగించమని యాజమాన్యాలను కోరింది. కొన్ని బడులు ఏడాది నడుమ మూతపడే పరిస్థితి వచ్చింది. ఆ అక్టోబరులో విశాఖపట్నంలో రోడ్డెక్కిన తల్లిదండ్రుల్లో ఎక్కువమంది కూలి చేసుకునేవాళ్లు. ముందువరుసలో తల్లులున్నారు. ఉన్నట్టుండి పిల్లల్ని ఏ బడిలో వేయాలి, ప్రైవేటు ఫీజు ఎక్కడి నుంచి తేవాలి అని వాళ్లు నిలదీశారు. నవంబరులో ప్రభుత్వం, అప్పగింతకు ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకునే వీలు యాజమాన్యాలకు కల్పించింది.