మారుపేర్ల మాటున మూలపురుషులు

ఇరొక్వా జాతులపై యుద్ధమునకై ఫ్రాన్సు రాజు పదునాలుగవ లూయీ పంపగా 1665లో న్యూ ఫ్రాన్సునందు, అనగా నేటి క్వెబెక్ ప్రాంతమునందు, సెయింట్ లారెన్సు నదీతీరమున దిగిన కారిన్యాన్-సాలియేర్ సైనికదళమునందు సుమారు 1,200 మంది యుండిరి. వారిలో దాదాపు 400 మంది, పోరు ముగిసిన పిదప భూములు పుచ్చుకొని, పెండ్లిండ్లు చేసికొని, ఆ శీతలదేశముననే నిలిచిపోయిరి. వారిలో ఒకడు లాఫ్లర్, అనగా పువ్వు. మరియొకడు సాన్‌సూసీ, చింతలేనివాడు. వేరొకడు ట్రాన్ష్‌మోంటాన్య్, కొండలను ఖండించువాడు. ఇవి తల్లిదండ్రులు పెట్టినవి గావు, దళమునందు లభించిన యుద్ధనామములు.

యుద్ధము ముగిసినను పేర్లు పోలేదు. అసలు పేరునకును మారుపేరునకును నడుమ 'అనబడు' అను అర్థముగల 'డీ' పదము నుంచి రెండింటిని కలిపి వ్రాయుట ఆచారమై, స్వగ్రామమును బట్టియు భూమిని బట్టియు సైనికులు కానివారికిని ఇట్టివి ఏర్పడెను. అన్నదమ్ములలో ఒకని సంతతి మొదటి పేరును, వేరొకని సంతతి రెండవ పేరును నిలుపుకొనగా, కొన్ని తరములు గడచునప్పటికి దాయాదులే పరస్పరము అన్యులైరి. దీనికి తోడు, తరువాతి కాలమున జ్ఞానస్నాన సమయమున మగశిశువుకు జోసెఫ్ అనియు ఆడశిశువుకు మారీ అనియు ముందుంచి, జ్ఞానతల్లిదండ్రుల పేరు చేర్చి, పిలుచు పేరును చివర వ్రాసిరి; చనిపోయిన బిడ్డ పేరునే తరువాత పుట్టిన బిడ్డకు పెట్టుటయు కలదు. మన యింటిపేరు వలె ఒక్కటియే తరతరములకు నడచివచ్చునని నమ్మినవాడు ఇచట అడుగడుగున దారి తప్పును.

దారి చూపునది వివాహపు నమోదు. విచారణ గురువు తన పుస్తకమున వధూవరుల పేర్లతో నిలువక, ఇరువురి తల్లిదండ్రులను, తల్లిని ఆమె పుట్టింటి పేరుతోడనే, వ్రాసియుంచెను. కనుక ఒక వివాహమునుండి దానికి ముందుతరపు వివాహమునకు మెట్టుమెట్టుగా వెనుకకు నడువవచ్చును. అయితే ఈ పుస్తకములకును ఆపద తప్పలేదు: 1640లో క్వెబెక్ చర్చి దగ్ధమై అవి బూడిదకాగా జ్ఞాపకమాధారముగా వానిని తిరిగి వ్రాయవలసివచ్చెను. 1667 రాజశాసనము ప్రతి నమోదును రెండు ప్రతులుగా వ్రాసి ఒకటి న్యాయస్థానమున భద్రపరుపవలెనని విధించెను. వ్రాత రానివారు గుర్తులు పెట్టిరి. పెర్ష్ ప్రాంతమునుండి 1634లో వచ్చిన వడ్రంగి జకారీ క్లూటియే, అక్షరములకు బదులు గొడ్డలి బొమ్మ గీసెడివాడు. ఆ గీతను చూచినపుడు ఆ మనుష్యుని చేయి మన కన్నులకు కట్టినట్లుండును.

1666లో రాజోద్యోగి జాన్ తలోన్ జరిపిన జనగణనమున, సైనికులు గాక, న్యూ ఫ్రాన్సు జనసంఖ్య 3,215 మాత్రమే. ఇంత చిన్న సమాజమగుటచేతనే సిప్రియన్ తాంగే అను మతగురువు 1871 మొదలు 1890 వరకు ఏడు సంపుటములలో వారి వంశనిఘంటువును ప్రకటింపగలిగెను. 1966లో మోంట్రియల్ విశ్వవిద్యాలయ జనాభాశాస్త్రజ్ఞులు అదే కార్యమును విస్తృతముగా చేపట్టిరి. వీరి సంతతిలో అమెరికాలోని న్యూ ఇంగ్లండు మిల్లులకు వలసపోయినవారి కథ మరింత చిక్కైనది: అచట బ్వావేర్ గ్రీన్‌వుడ్డై, ర్వా కింగై, మూలము భాషాంతరమునందు మరుగుపడెను.

ఇందు నాకు మిక్కిలి గౌరవము కలిగించునది స్త్రీల నమోదు. 1663 నుండి 1673 వరకు రాజు వ్యయముతో వధువులుగా పంపబడి, 'రాజు పుత్రికలు' అని పిలువబడిన సుమారు 800 మంది, భర్తల మారుపేర్ల వెల్లువలోను తమ పుట్టింటి పేర్లతోనే పత్రములయందు నిలిచిరి. పూర్వీకులను వెదకువారు ముందుగా తల్లుల పేర్లను చేపట్టవలెను. ఆ పాత పద్ధతిని తలపించునట్లు, వివాహానంతరము స్త్రీ తన జన్మనామముతోనే వ్యవహరింపబడవలెనని క్వెబెక్ 1981లో చట్టబద్ధము గావించినది.