ఒంటెల లెక్క నుండి కంప్యూటరు బీజగణితము వరకు

పొడవైన సమాసములో ఒక భాగమునకు కొత్త అక్షరమును పేరుగా పెట్టి, లెక్కను సులభము చేసికొనుటను ప్రతిక్షేపణ మందురు. ఈ ఉపాయము చాల ప్రాచీనమైనది.

9వ శతాబ్దమున మహావీరాచార్యుడు గణితసారసంగ్రహమును సంస్కృతమున రచించెను. దానిని పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చెను. మల్లన 11వ శతాబ్దివాడుగా పేరొందెను. మహావీరుని సమస్య యొకటి చూడుడు. ఒంటెల మందలో నాల్గవ వంతు అడవిలో కనబడెను. మంద సంఖ్య యొక్క వర్గమూలమునకు రెండింతలు కొండ చరియలకు పోయెను. మిగిలిన 15 నది ఒడ్డున నిలిచెను. మంద యెంత?

మహావీరుడు ఇట్టి లెక్కలకు సూత్ర మొసగెను. నేటి విద్యార్థి వర్గమూలమునకు ‘క’ అని పేరు పెట్టవచ్చును. అప్పుడు మంద క² అగును; సమీకరణము 3క² = 8క + 60. దీనికి రెండు విలువలు వచ్చును: 6, −10/3. వర్గమూలము ఋణసంఖ్య కాదు గనుక రెండవది చెల్లదు. మంద 36. (9 + 12 + 15 = 36.) కొత్త పేరు పెట్టినపుడు పాత నియమమును వెంట ఉంచుకొనవలెనని దీని వలన తెలియుచున్నది.

1150లో భాస్కరాచార్యుడు బీజగణితమున తేనెటీగల గుంపును 2య² అని ఊహించెను. అందువలన ‘గుంపులో సగము యొక్క వర్గమూలము’ య అయ్యెను. గుంపు 72 అని తేలెను.

కంప్యూటరు వచ్చిన పిదప ఈ ఉపాయము యంత్రము పని అయ్యెను. (అ+ఇ)² + 5(అ+ఇ) + 6 అను సమాసములో అ+ఇ రెండుమార్లు ఉన్నది. దానిని ఒకేమారు లెక్కించి దాచుకొన్నచో శ్రమ తగ్గును. ఇట్లు మరల మరల వచ్చు భాగములను యంత్రమే గుర్తించు పద్ధతిని 1958లో సోవియట్ శాస్త్రజ్ఞుడు ఆంద్రే ఎర్షోవ్ వివరించెను. నేడు కొండాపూర్ వంటి చోట్ల ప్రోగ్రాములు వ్రాయువారికి ఈ పని కంపైలర్లే చేసిపెట్టుచున్నవి.

అయితే చిక్కు ఒకటి కలదు. అ² + ఇ²కు ‘క’ అని పేరు పెట్టితిమనుకొనుడు. అ⁴ + 2అ²ఇ² + ఇ⁴లో ఆ రూపము ఎక్కడను కనబడదు. రూపమును మాత్రమే వెదకు యంత్రము దానిని మార్చలేదు. మనుష్యుడు మాత్రము అది క² అని గ్రహించును. యంత్రమునకు మార్గమేమి? పేరును సంబంధముగా చెప్పవలెను: అ² = క − ఇ². దీనిని అ² ఉన్న ప్రతిచోట ఉంచి విస్తరించిన, మిగిలినవి కొట్టివేయబడి క² నిలుచును. అనేక సంబంధములు ఒకేసారి ఉన్నపుడు కూడ ఇట్టి సంక్షేపము సరిగా సాగుటకు 1965లో బ్రూనో బుక్‌బర్గర్ క్రమబద్ధమైన పద్ధతిని కనిపెట్టెను.

కావున ప్రతిక్షేపణ కేవలము అక్షరముల మార్పిడి కాదు. పేరు, సంబంధము, నియమము మూడును కలిసియున్నపుడే లెక్క చిన్నదగును, సమాధానము సరియగును.