మత్తు సూదికీ తూటాకీ మధ్య

2018 నవంబర్ 2, శుక్రవారం. యవత్మాల్ జిల్లా రాళేగావ్‌లో ఆ రోజు సంత. చీకటి పడ్డాక బోరాటి దారిలో పులి కనబడిందని కబురొచ్చింది. పైకప్పు లేని జీపొకటి బయల్దేరింది. అందులో హైదరాబాద్ నుంచి వచ్చిన అస్ఘర్ అలీ రైఫిల్‌తో కూర్చున్నాడు. మత్తు సూది వేసే తుపాకీ అటవీ సిబ్బందిలో ఒకరి చేతిలో ఉంది. పశువైద్యుడు మాత్రం లేడు. మహారాష్ట్ర అటవీశాఖ పిలిపించిన పేరుమోసిన షికారీ నవాబ్ షఫత్ అలీ ఖాన్ ఈ అస్ఘర్ తండ్రి. ఆయన ఆ రాత్రి అక్కడ లేడు.

వాళ్లు వెతుకుతున్నది టీ-1 అనే ఆడపులిని. జంతుప్రేమికులు పెట్టుకున్న పేరు అవని. రెండేళ్లలో 13 మందిని పొట్టనబెట్టుకుందని దాని మీద అభియోగం. ఆదిలాబాద్ దాటితే వచ్చే పాండర్‌కవడ ప్రాంతమది, అంతా పత్తి చేలు. అదే నెలలో ఇక్కడ మా బచ్చన్నపేటలోనూ పత్తి ఏరుతారు. వంచిన నడుము వెనక ఏముందో తిరిగి చూసుకునే తీరిక ఏ కూలికీ ఉండదు.

పులి కోసం చేయని ప్రయత్నం లేదు. ట్రాప్ కెమెరాలు పెట్టారు, డ్రోన్ ఎగరేశారు, ఏనుగులను రప్పించారు. వాటిలో ఒకటి తప్పించుకుపోయి ఒక మహిళను చంపింది. చివరికి కెల్విన్ క్లైన్ సెంటు కూడా చల్లారు. నవ్వొస్తుంది గానీ, ఆ వాసనకు పెద్దపిల్లి జాతి జంతువులు ఆగిపోతాయని జంతుశాలల్లో చూసిన సంగతే.

ముందు మత్తు, కుదరకపోతేనే తూటా. ఉత్తర్వు అదే. సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు అందులో జోక్యం చేసుకోలేదు.

రాత్రి పదకొండు ప్రాంతం. సూది తగిలింది, పులి గర్జించి జీపు మీదికి దూకబోయింది, ఎనిమిది పది మీటర్ల దూరంలో కాల్చానన్నాడు అస్ఘర్. ఒక్క తూటాకే పడిపోయింది. జాతీయ పులుల సంరక్షణ సంస్థ పంపిన బృందం దీన్ని ఒప్పుకోలేదు. తూటా దిగిన తీరు చూస్తే పులి మొహం జీపుకు అవతలివైపు ఉందని తేల్చింది. సూదిని చచ్చాక చేత్తో గుచ్చారేమోనన్న అనుమానమూ పైకొచ్చింది. తండ్రీకొడుకులు తప్పు చేయలేదన్నారు.

ఎవరి మాట నిజమో పక్కన పెడదాం. అస్ఘర్ చెప్పిందే అక్షరాలా నిజమనుకున్నా ఒక ప్రశ్న మిగులుతుంది. మత్తు ఎక్కడానికి నిమిషాలు పడుతుంది. ఆ నిమిషాల్లో పులి పొదల్లోకి పోతుంది, లేదా మీదికొస్తుంది. చీకట్లో వెంబడించలేరు, పడిపోతే చూసుకునే డాక్టరు లేడు. ఇక ఆ సూది వదిలినప్పుడే తూటా ఖాయమైపోయింది.

విల్లుతో వేటాడే దేశాల్లో దూరం గురించి జరిగే తగువూ ఇదే. సెకనుకు 90 మీటర్లు పోయే బాణం 60 మీటర్లు దాటడానికి సెకనులో మూడింట రెండు వంతులు పడుతుంది. అల్లెతాటి చప్పుడు అంతకు అర సెకను ముందే జింక చెవిన పడుతుంది. జింక ఒక్క అడుగు కదిలిందా, గుండెకు గురిపెట్టిన బాణం కడుపులో దిగుతుంది. గంటల తరబడి చావు. మన విలుకత్తె జ్యోతి సురేఖ 50 మీటర్ల నుంచి పది కొడుతుంది, నిజమే. అక్కడ కాగితం కదలదు. గురి కుదురుతుందా అన్నది సగం ప్రశ్నే. గురి తప్పితే చివరిదాకా వెంట వెళ్లగలవా అన్నది మిగతా సగం. దానికి జవాబు లేనివాడు ఎంత గురికాడైనా ఆ బాణం వదలకూడదని నా లెక్క.

బోరాటి చుట్టుపక్కల జనం టపాసులు కాల్చారు, మిఠాయిలు పంచుకున్నారు. వాళ్లను తప్పుపట్టను. ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్లకు పాఠాలు చెప్పడమేమిటి? పది నెలల కూనలు రెండు మిగిలాయి. ఆడదాన్ని డిసెంబర్‌లో పట్టి పెంచ్‌కు తరలించారు. 2021లో ఈ వ్యవహారంపై వేసిన కోర్టు ధిక్కార పిటిషన్‌ను సుప్రీంకోర్టు ముందుకు సాగనివ్వలేదు. ఆ రాత్రి జీపులో డాక్టరు ఎందుకు లేడని మాత్రం జీపును పంపినవాళ్లను ఇంకా అడగాల్సే ఉంది.